కుంట కట్ట ఎత్తు పెంచితే కింద ఊరికి వరద తగ్గుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, కొత్తగా చదివేవాళ్ళ కోసం. జనగామ వైపు మీ పట్టా భూమిలో తాతగారు కట్టించిన కుంట ఉంది. నీళ్ళు నిండితే రెండున్నర ఎకరాల విస్తీర్ణం. మట్టికట్ట పొడవు 400 అడుగులు, ఎత్తు 13 అడుగులు. ఒక చివర 10 అడుగుల వెడల్పు మత్తడి (నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు), నడుమ పాత రాతి తూము (పొలాలకు నీళ్ళు వదిలే దారి). పైనుంచి సుమారు 250 ఎకరాల వాన నీళ్ళు దీంట్లోకే దిగుతాయి. పోయిన వానకాలం నీళ్ళు కట్ట తలకు జానెడు దూరం దాకా వచ్చాయి, కింద వాడలో ఇళ్ళలోకి నీళ్ళు చొరబడ్డాయి. ఊరివాళ్ళు "కట్ట మూడడుగులు లేపు, వరద ఆగుతది" అంటున్నారు. జేసీబీ అతను రెండు రోజుల పనే అన్నాడు. లేపొచ్చా, దానికి పర్మిషన్ కావాలా అన్నది మీ ప్రశ్న.

లేపకండి. ముందు మత్తడి వెడల్పు చేయండి. ఇప్పుడున్న పది అడుగులు కనీసం 35 అడుగులు కావాలి, జాగా ఉంటే 50. కట్ట మీద పెట్టే డబ్బు ఎత్తుకు కాదు, గట్టిదనానికి పెట్టండి. అదయ్యాక ఊరికి వరద తగ్గించాలంటే మీరు కొంత నీటి నిల్వను వదులుకోవాలి. అది మీకు ఇష్టమా కాదా అన్నది చివరికి మీ నిర్ణయం. పర్మిషన్ సంగతి కింద చెప్తాను.

నేను చిన్న నీటిపారుదల విభాగంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరి, ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) రిటైరయ్యాను. కుంటలు, చెరువులు, వాటి గండ్లు తప్ప పెద్ద ప్రాజెక్టుల మొహం పెద్దగా చూడలేదు. కాబట్టి ఇది కుంటల లెక్కే, నాగార్జునసాగర్ లెక్క కాదు.

ముందు నీళ్ళ లెక్క చూద్దాం. గంటకు 60 మిల్లీమీటర్ల వాన, అంటే అంగుళాల్లో 2.4, మన దగ్గర అరుదేం కాదు. అందులో సగం పారుతుందనుకుంటే 250 ఎకరాల మీద నుంచి వచ్చే వరద 0.5 × 2.4 × 250, అంటే 300 క్యూసెక్కులు (సెకనుకు 300 ఘనపుటడుగుల నీళ్ళు). ఎకరాలు, అంగుళాలు పెట్టి గుణిస్తే నేరుగా క్యూసెక్కులే వస్తాయి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. పాత మద్రాసు ఇంజనీర్ల రైవ్స్ సూత్రం (నీళ్ళు దిగే విస్తీర్ణాన్ని బట్టి వరద అంచనా వేసేది), 1884 నాటిది, మన చెరువుల మత్తళ్ళకు ఇప్పటికీ వాడేదే. లోపలి మైదానాల గుణకం 560తో అది కూడా ఇంచుమించు 300 దగ్గరే తేలుతుంది. రెండు దార్లూ ఒకచోటికే వచ్చాయి గనుక ఆ అంకె మీద నాకు నమ్మకం.

ఇప్పుడు మీ మత్తడి ఎంత మోస్తుంది? మీరు చెప్పిన కొలతల ప్రకారం మత్తడి తలకూ కట్ట తలకూ మధ్య మూడడుగుల తేడా ఉంది. మత్తడి మీద రెండడుగుల నీళ్ళు పారితే పది అడుగుల వెడల్పులో వెళ్ళేది 87 క్యూసెక్కులు. కట్ట తలతో సమానంగా, మూడడుగులు పారినా 160 దాటదు. వచ్చేది 300, పోయేది 160. మిగతాది ఎటు పోతుంది? కుంట కాసేపు మింగుతుంది, ఆ తర్వాత కట్ట మీదుగా పొర్లుతుంది. పోయినేడు జానెడు మిగిలిందంటే అది మీ కట్ట గొప్పదనం కాదు, వాన ఆ క్షణంలో తెరిపిచ్చింది, అంతే.

మూడడుగులు లేపితే? ఇక్కడ రెండు రకాల లేపడాలున్నాయి. కట్ట ఒక్కటే లేపి మత్తడి అలాగే ఉంచితే మామూలు నిల్వ ఒక్క బిందె కూడా పెరగదు, వరదప్పుడు మాత్రం నీళ్ళు ఇంకాస్త పైకి ఎక్కి నిలుస్తాయి. మత్తడి కూడా లేపితే నిల్వ సుమారు 4 లక్షల ఘనపుటడుగులు పెరుగుతుంది. వినడానికి చాలా ఉంది. 300 క్యూసెక్కుల వరద దాన్ని ఇరవై నిమిషాల పైచిలుకులో నింపేస్తుంది. ఆ ఇరవై నిమిషాలైనా దక్కేది కుంట ముందే ఖాళీగా ఉంటేనే. జులై ఆఖరుకు ఏ కుంట ఖాళీగా ఉంటుంది? మత్తడి లేపేదే నీళ్ళు ఎక్కువ పట్టడానికి. పట్టిన నీళ్ళు నాటుకు కావాలి, వాటిని ఎవరూ వదలరు. పెద్ద వాన వచ్చేసరికి కుంట నిండే ఉంటుంది. నిండిన కుంట పై వరదను దాదాపు అలాగే కిందికి పంపిస్తుంది.

ఇక అసలు భయపడాల్సిన లెక్క ఇది. తెగిన డ్యాముల కొలతల నుంచి తీసిన సూత్రాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి పెట్టి చూస్తే మీ కుంట ఇప్పుడున్నట్టుగా నిండుగా ఉండి తెగితే ఒక్కసారిగా వదిలేది 2,000 క్యూసెక్కుల పైనే. మూడడుగులు లేపాక తెగితే 3,000 పైన. ఇవి ఉజ్జాయింపు అంకెలు, అసలు వరద ఇందులో సగమే కావచ్చు, రెండింతలూ కావచ్చు. అయినా వాన వల్ల వచ్చే వరద 300, కట్ట తెగితే వచ్చేది దానికి ఏడెనిమిది రెట్లు. 300 క్యూసెక్కులకు మీ కింది వాడలో ఇళ్ళలోకి మోకాళ్ళలోతు నీళ్ళు వస్తాయి. 2,000కు గోడలు ఉండవు. చిన్న కట్ట పెద్ద వరదను ఆపలేదు. పెద్ద వరదలో దాని పని తెగకుండా ఉండడం, అంతే. చిన్న వరదలను మాత్రం అది నిజంగా తగ్గించగలదు, ఆ మాటకు కింద వస్తాను.

కుంట చిన్నది కదా, తెగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ వలిగొండే చెప్తాను. 2005 అక్టోబర్ 29న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ వలిగొండ దగ్గర పట్టాలు తప్పి నూరుమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి పైన చెరువు తెగి, ఆ నీళ్ళు చిన్న రైలు వంతెనను ఎత్తుకుపోయాయి. మన గొలుసుకట్టు చెరువుల్లో (ఒకదాని మత్తడి నీళ్ళు కిందిదాంట్లోకి దిగేవి) పైది తెగితే దాని నీళ్ళన్నీ కింది దాని మీద పడతాయి, అదీ తెగుతుంది. మీ కుంట కింద ఇంకో కుంట గానీ చెరువు గానీ ఉందా? మీరు రాయలేదు. ఉంటే ఈ లెక్కలన్నీ ఇంకా కఠినం అవుతాయి.

సొంత కట్టల కథలో ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ డ్యాం. సుమారు 72 అడుగుల మట్టికట్ట. ప్రభుత్వానిది కాదు, ధనవంతుల చేపలవేట క్లబ్బుది. క్లబ్బు కొనక ముందే కట్ట అడుగున ఉన్న తూము గొట్టాలు తీసి అమ్మేశారు, మళ్ళీ వేయలేదు. బండ్లు నడవడానికి కట్ట తలను కొంత చదును చేశారు. చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా జాలీ పెట్టారు. 1889 మే 31న పెద్ద వానకు జాలీకి చెత్త పట్టింది, కట్ట పొర్లి తెగింది. కింద జాన్స్‌టౌన్‌లో 2,209 మంది పోయారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ జాలీని నేను మన దగ్గరే చూశాను. ఒక కుంటలో చేపల గుత్తకు తీసుకున్న వాళ్ళు మత్తడి పొడవునా వల కట్టి, కింద ఇసుక బస్తాలు పేర్చారు. పిల్లచేపలు వేశారట, పోతాయట. ఆ వలకు తుంగ, ప్లాస్టిక్ కవర్లు, ఒక చచ్చిన మేక తగులుకుని ఉన్నాయి. మత్తడికి అవతలి పక్క పొడిగా ఉంది, ఇవతలి పక్క నీళ్ళు బస్తాల పై వరస దాకా ఉన్నాయి. వల కోయించడానికి వాళ్ళతో గంటసేపు తగువు పెట్టుకోవాల్సి వచ్చింది. మీ మత్తడి మీద ఒక్క బస్తా ఉన్నా ఈ రోజే తీసేయండి. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, ఖర్చూ లేదు.

ఎత్తు వద్దనడానికి ఇంకో కారణం మట్టి. పాత కట్ట తల ఆరడుగుల వెడల్పు, రెండు పక్కలా రెండుకు ఒకటి వాలు అనుకుందాం. 13 అడుగుల కట్టకు అడుగున వెడల్పు 58 అడుగులు కావాలి. 16 అడుగులైతే 70. అంటే కట్ట వెనకవైపు (నీళ్ళు లేని వైపు) ఇంకో పన్నెండు అడుగుల నేల కావాలి, నడుమ భాగంలో మట్టి దాదాపు సగం పెరుగుతుంది. జేసీబీ అతను చెప్పే రెండు రోజుల పని అది కాదు. అతను చేసేది ఉన్న తల మీద మట్టి కుప్ప పోసి బకెట్ వీపుతో తట్టడం. మూడడుగుల ఎత్తు ఆరడుగుల తల మీద పెడితే పైన నడవడానికి కూడా జాగా మిగలదు. ఆ వదులు మట్టి మొదటి వానకు జారుతుంది, పాత కట్టకూ కొత్త మట్టికీ మధ్య గీతలోనుంచి నీళ్ళు దూరతాయి. పాత కట్టకు కొత్త మట్టి అతకాలంటే గడ్డి, పైపొర చెక్కేసి, వాలును మెట్లు మెట్లుగా కోసి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరకు నీళ్ళు చల్లి రోలర్ తిప్పాలి. మట్టిలో తడి సరిపోయిందా లేదా అన్నది సైట్‌లో చూసే పద్ధతి ఒకటుంది: పిడికెడు మట్టి గట్టిగా పిసికితే ముద్ద కావాలి, చేతికి బురద అంటకూడదు, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలుగా పగలాలి. పొడిగా రాలిపోయినా, అప్పచ్చిలా అణిగిపోయినా రోలర్ తిప్పడం దండగ.

నల్లరేగడి దగ్గర్లో దొరుకుతుందని కట్టంతా దాంతో పోయకండి. ఎండాకాలం దానికి చెయ్యి దూరేంత పగుళ్ళు పడతాయి, జూన్‌లో నీళ్ళు ముందు వాటిలోకే దూరతాయి. రేగడిని కట్ట గర్భంలో పెట్టి (మా సైట్ భాషలో హార్టింగ్), బయట మొరం, ఎర్రమట్టితో కప్పాలి (కేసింగ్).

ఇప్పుడు చేయాల్సిన పనికి వద్దాం.

మత్తడి. 35 అడుగుల వెడల్పులో రెండడుగుల నీళ్ళు పారితే 300 క్యూసెక్కులు పోతాయి, కట్ట తలకు ఇంకా ఒక అడుగు మిగులుతుంది. 50 అడుగులైతే సుమారు ఒకటిన్నర అడుగుల నీళ్ళకే పోతుంది, ఇంచుమించు ఒకటిన్నర అడుగులు మిగులుతుంది. నేనైతే రెండోదే చేస్తాను, ఎందుకంటే గంటకు 60 మిల్లీమీటర్లు పైహద్దు కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల పైన పడింది. అంతటి వానకు ఏ కుంటా డిజైన్ చేయరు, కానీ అలాంటిది వచ్చినా మత్తడి గడ్డ కోసుకుపోవాలి గానీ కట్ట తెగకూడదు. అందుకే మత్తడిని పోసిన మట్టి మీద కాదు, పక్కనున్న అసలు నేల మీదికి పెంచండి. బండ తగిలితే అంతకంటే అదృష్టం లేదు. మత్తడి దిగిన నీళ్ళు కట్ట వెనక పాదాన్ని కోసుకుంటూ పోకుండా వాగు దాకా కాలువ తీసి, మొదటి ఇరవై ముప్పై అడుగులు బండరాళ్ళు పరవండి. చాలా చోట్ల మత్తడి బాగానే ఉంటుంది, దాని కింద గుంత పడి, ఆ గుంత పైకి పాకి గోడ కూలుతుంది. మత్తడి గోడ, మట్టికట్ట కలిసే మూల కూడా చూడండి. గండ్లలో నేను చూసిన చాలావాటికి అక్కడే మొదలు.

తూము. మీరు "తూము పక్కన ఎప్పుడూ తడిగానే ఉంటది, కానీ ఏళ్ళుగా అట్లనే ఉంది" అని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే ఆందోళన కలిగించిన వాక్యం అదే. ప్రతి మట్టికట్టా కొంత ఊరుతుంది, అది తప్పు కాదు. చూడాల్సింది ఊట పెరుగుతోందా, మట్టి మోసుకొస్తోందా అని. ఒక గాజు సీసాలో ఆ ఊట నీళ్ళు పట్టి రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున అడుగున సన్న మట్టి పేరుకుంటే కట్ట లోపల బుంగ పడుతోందన్నమాట. నీళ్ళు తేటగా ఉంటే కుంట మట్టం, ఊట ధార రెండూ వారానికోసారి రాసుకోండి. నీటిమట్టం అంతే ఉండగా ఊట పెరిగితే అది కూడా అదే జబ్బు.

దానికి మన ఊళ్ళలో చేసే వైద్యం కట్ట వెనక ఊట వచ్చే చోట బంకమట్టి కొట్టి మూయడం. దయచేసి ఆ పని చేయకండి. బయట మూస్తే నీళ్ళ ఒత్తిడి లోపలే పెరిగి ఇంకో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. లోపలివైపు మూయాలి, బయటివైపు వడగట్టాలి. అంటే కుంట ఎండినప్పుడు లోపలి వాలులో ఆ చోటు తవ్వి రేగడి పొరలుగా దిమ్మిస కొట్టి కప్పాలి. వెనకవైపు పాదం దగ్గర ముందు వాగు ఇసుక, దాని మీద సన్న చిప్స్, దాని మీద 40 ఎంఎం కంకర, పైన బండరాళ్ళు పరవాలి. నీళ్ళు పోతాయి, మట్టి ఆగుతుంది. ఇసుక వేయకుండా నేరుగా రాళ్ళు పోస్తే మట్టి రాళ్ళ సందుల్లోంచి వెళ్ళిపోతూనే ఉంటుంది, పైకి మాత్రం కనబడదు.

తూము ఎలాగూ పాతదైంది కదా అని కట్టకు అడ్డంగా కోసి పీవీసీ పైపు వేద్దామని ఎవరైనా అంటే ఆగండి. ఒక పెద్ద రైతు పొలంలో అలా వేసిన కుంట నాకు తెలుసు. కట్ట కోయడం, పైపు పెట్టడం, మట్టి తోయడం అన్నీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. పైపు కింద రెండు పక్కల చంకల్లో మట్టి అణగదు, బకెట్ అక్కడికి చేరదు. మరుసటి వానకాలం నీళ్ళు పైపు లోపలినుంచి కాక పైపు బయటినుంచి పారాయి. మనిషి దూరేంత బుంగ పడి, పైన కట్ట కుంగి, తెల్లారేసరికి కుంట ఖాళీ. పైపు వేయక తప్పదంటే దాని చుట్టూ మనుషులతో, చేతి దిమ్మిసతో పొరలుగా కొట్టించాలి. కట్ట వెనకవైపు ఉండే మూడోవంతు పొడవులో పైపు చుట్టూ ఇసుక వడపోత పెట్టాలి. వెనకటికి పైపు చుట్టూ కాంక్రీట్ కాలర్లు (అడ్డుపట్టీలు) వేసేవాళ్ళం, ఇప్పుడు ఇసుక వడపోతకే ఓటు.

చెట్లు, పుట్టలు. సర్కారు తుమ్మ మొలకలు, పొదలు ప్రతి ఏడాది కొట్టేయండి. కట్ట మీద గరిక తప్ప ఏదీ వద్దు. మొదళ్ళు లావెక్కిన వేపలు, తాటిచెట్ల సంగతి వేరు. వాటిని జేసీబీతో పెకిలిస్తే కట్టలో గొయ్యి పడుతుంది. నరికి వదిలేస్తే వేర్లు కుళ్ళి నాలుగైదేళ్ళకు లోపల గొట్టాలు మిగులుతాయి. కట్ట పని ఎలాగూ చేయిస్తున్నప్పుడే మొదలు వేర్లతో సహా తవ్వించి, ఆ గుంతను పొరలుగా దిమ్మిస కొట్టించాలి. అప్పటిదాకా పెద్ద చెట్లను ముట్టుకోకండి, గాలికి పడకుండా కొమ్మలు తగ్గించండి చాలు. పందికొక్కు బొరియలు, ఎండ్రకాయల బొక్కలు పైన మట్టి పోసి కప్పితే లాభం లేదు, చివరిదాకా తవ్వి నింపాలి. ఇక పుట్టలు. మీరు పెట్టిన ఫోటోలో తూముకు కుడిపక్క నడుమెత్తు పుట్ట, దానికి పసుపు కుంకుమ కనిపిస్తున్నాయి. చెదపుట్ట కింద ఎంత లోతుకు దారులుంటాయో పైనుంచి తెలియదు, కట్టకు అది మంచిది కాదు. నాగుల చవితికి ఊరంతా పాలు పోసే పుట్ట జోలికి వెళ్తే మీకు ఊళ్ళో కష్టం. నేను ఇలాంటిచోట పుట్టను కదపలేదు. దానికి సరిగ్గా ఎదురుగా కట్ట లోపలివాలును ఐదారడుగుల లోతు చెక్కించి రేగడితో మళ్ళీ కొట్టించాను, వెనక పాదం దగ్గర ఇసుక, కంకర పరిపించాను. ఎవరి నమ్మకం వాళ్ళకుంది, కట్టా ఉంది.

ఇంతవరకు చెప్పింది కట్ట తెగకుండా ఉండడానికి. ఊరికి వరద తగ్గాలంటే కుంటలో ఖాళీ జాగా ఉండాలి. అమెరికాలో వ్యవసాయ శాఖ సాయంతో ఊళ్ళ వరద కోసమే కట్టిన చిన్న మట్టి డ్యాములు 11,000 పైగా ఉన్నాయి, చాలావరకు రైతుల సొంత భూముల్లోనే. 1948లో ఓక్లహోమాలో క్లౌడ్ క్రీక్ మీద కట్టింది వాటిలో మొదటిది. వాటి ఏర్పాటు సులువు: అడుగున కొంత నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, దాని పైన ఎప్పుడూ తెరిచే ఉండే గొట్టం. తిప్పడానికి షట్టరు లేదు, తాళం లేదు, అర్ధరాత్రి మనిషి పోనక్కర్లేదు. మామూలు వరద ఆ గొట్టంలోంచి నిదానంగా దిగుతుంది. అంతకు మించి వస్తే పక్కన గడ్డి పెంచిన వెడల్పాటి మత్తడి ఉంటుంది.

మీ దగ్గర గొట్టం కంటే మత్తడి గోడలోనే ఒక గాడి సులువు. కొత్త మత్తడి కట్టేటప్పుడు ఒక చోట మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గాడి వదలండి. కుంట మామూలుగా గాడి అడుగు దాకానే నిలుస్తుంది. పై మూడడుగులు, అంటే 2.8 లక్షల ఘనపుటడుగులు, వరదకు ఖాళీగా ఉంటాయి. అది నిండినప్పుడు గాడిలోంచి పోయేది 48 క్యూసెక్కులు, ఐదారు గంటల్లో చాలావరకు దిగిపోయి మళ్ళీ వానకు సిద్ధంగా ఉంటుంది. అంగుళం వాన, అందులో నాలుగోవంతు పారిందనుకుంటే, మొత్తం ఈ జాగాలోనే పడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కింది వాడను తడిపే వాన అదే. 300 క్యూసెక్కుల వానకు మాత్రం ఇది పావుగంట ఉపశమనం, అంతకంటే ఆశ పెట్టుకోవద్దు, ఊరికీ పెట్టవద్దు.

దీని వెల మీకు మూడడుగుల నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఎన్ని ఎకరాల వరి పండుతోందో మీకే తెలుసు. వానకాలమంతా గాడి తెరిచి ఉంచి సెప్టెంబర్ ఆఖరున చెక్క పలకలు దించి నింపుకోవచ్చు కదా అంటారు. కాగితం మీద బాగుంటుంది. నేను చూసినంతలో పలకలు ఒకసారి దించాక మళ్ళీ తీసినవాళ్ళు లేరు. అక్టోబర్ తుపాను వానలు మనకు కొత్త కాదు, వలిగొండ ఘటన జరిగిందీ అక్టోబర్ ఆఖరులోనే.

ఒక అనుమానం కూడా ఉంది. పోయినేడు ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు మీ కుంటవేనా? వాడకు ముందు రోడ్డు కింద కల్వర్టు ఉందన్నారు, రెండడుగుల పైపులు రెండు. శుభ్రంగా ఉంటేనే ఆ రెండూ కలిపి మోసేది 30, 40 క్యూసెక్కులు. సగం మట్టి పూడి ఉంటే లెక్కే వద్దు. ఒక ఊళ్ళో ఇదే తగువు. చెరువు వల్లే మునిగామని ఊరు, కాదని ఆయకట్టు రైతులు. తీరా చూస్తే సీసీ రోడ్డు ఎత్తు పెంచినప్పుడు పాత రాతి కల్వర్టు తీసి ఒక పైపు పెట్టారు, రోడ్డే ఊరికి కట్ట అయింది. మీరు కుంటలో ఎంత చేసినా ఆ పైపులు అలాగే ఉంటే వాడ మునుగుతుంది. గ్రామ పంచాయతీలో బాక్స్ కల్వర్టు కోసం అర్జీ పెట్టించండి. పై 250 ఎకరాల్లో కందకాలు, పంట కుంటలు, రాతి కట్టలు ఉపాధి హామీలో వేయించుకుంటే చిన్న వానల వరద అక్కడే కొంత ఇంకుతుంది, మీ కుంటలోకి పూడిక కూడా తగ్గుతుంది.

పర్మిషన్ విషయం. 2021 డ్యాం భద్రత చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మీది నాలుగు మీటర్లు. కాబట్టి ఆ చట్టం కింద మీ కట్టను తనిఖీ చేయడానికి ఎవరూ రారు. ఇది మీకు వెసులుబాటు కాదు, బాధ్యత మొత్తం మీ నెత్తిన ఉందని అర్థం. పట్టా మీదైనా టిప్పణిలో (పాత సర్వే పటంలో) వాగు గీత ఉంటే వాగు మీది కాదు. మత్తడి వెడల్పు చేయాలన్నా తహసీల్దారుకు, నీటిపారుదల ఏఈకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద ఏమైనా కావాలేమో అక్కడే చెప్తారు. నిల్వ మట్టం పెంచితే పై పొలం మునుగుతుంది. పైనుంచి సహజంగా దిగే నీటిని కింది పొలంవాడు అడ్డుకోకూడదన్నది 1882 ఈజ్‌మెంట్ల చట్టం నుంచీ ఉన్న హక్కు. కట్ట లేపడం మీద మీ మీద మొదటి కేసు కింది వాడ వాళ్ళు కాదు, పై పొలం వాళ్ళే వేస్తారు.

తెగితే ఎవరు బాధ్యులన్నది మన తెలుగు నేల మీదే పుట్టిన పాత కేసు. చిత్తూరు వైపు కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే వంతెనలు కొట్టుకుపోయాయి. రైల్వే నష్టపరిహారం అడిగింది. 1874లో లండన్ ప్రీవీ కౌన్సిల్ జమీందారు వైపే తీర్పిచ్చింది. ఇవి అనాదిగా ఉన్న చెరువులు, జనం సాగుకు వాటిని నిలపడం ఆయన విధి, నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత అన్నది దాని సారం. చాలామంది దీన్ని చెరువు యజమానికి రక్షణ అనుకుంటారు. నేను రెండో సగం చదవమంటాను. ఊట సంగతి తెలిసి, మత్తడి చాలదని తెలిసి, పైగా సొంతంగా ఎత్తు పెంచిన కట్ట తెగితే నిర్లక్ష్యం కాదని చెప్పడం మీ వకీలుకు కూడా కష్టమే. ఖర్చు పెట్టే ముందు ఈ ముక్క ఒక లాయరుకు చూపించండి, నేను ఇంజనీరును మాత్రమే.

ఈ జూన్‌లోపు అన్నీ కావు. వరస ఇలా పెట్టుకోండి: ఈ వారం మత్తడి మీది అడ్డాలు తీయడం, ఊట సీసా పరీక్ష. మార్చి, ఏప్రిల్‌లో కుంట ఎండగానే తూము లోపలివైపు తవ్వకం, వెనక ఇసుక, కంకర. మే నెలలో మత్తడి. గాడి విషయం ఇంట్లో, ఊళ్ళో మాట్లాడుకుని మత్తడి పునాది పోసేలోపు తేల్చుకోవాలి, తర్వాత కోయడం దండగ ఖర్చు. కట్ట తలలో ఎక్కడైనా పల్లం ఉంటే అది ఒక్కటి మట్టి పోసి తలంతా ఒకే మట్టానికి తేవచ్చు, అది ఎత్తు పెంచడం కిందికి రాదు. పొర్లడం ఎప్పుడూ ఆ పల్లం దగ్గరే మొదలవుతుంది.

వానకాలంలో మత్తడి పక్క గోడ మీద, మత్తడి తల నుంచి పైకి అడుగుకో గీత ఎర్ర రంగుతో వేయించండి. రెండో గీత దాటితే కింది వాడకు ఫోన్ వెళ్ళాలి, మూడో గీత దగ్గరికి వస్తుంటే మనుషులు ఇళ్ళు వదిలి ఎత్తుకు వెళ్ళాలి. ఎవరు ఎవరికి చేయాలో ముందే రాసి పెట్టుకోండి, ఆ రాత్రి కరెంటు ఉండదు. పొర్లడం ఖాయమనిపించినప్పుడు పడుచువాళ్ళు పలుగులతో కట్ట నడుమ గండి కొట్టడానికి పోతారు. అసలు పోనివ్వకండి. ఆ కోత వాళ్ళ చేతిలో ఉండదు. బస్తాలు వేయాల్సొస్తే కట్ట తల పల్లాల్లో వేయాలి, మత్తడిలో కాదు.

కింద వ్యాఖ్యల్లో ఎవరో ఖర్చు అడిగారు. మట్టి ఎంత దూరం నుంచి రావాలి, మత్తడి కింద బండ ఉందా మొరమా తెలియకుండా అంకె చెప్పను. మీరు తూము దగ్గర తడి ఉన్న చోటు ఫోటో ఒకటి, మత్తడి గోడ కట్టతో కలిసే మూల ఫోటో ఒకటి, రెండిట్లోనూ పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసి పెట్టండి. సీసాలో అడుగున ఏం పేరుకుందో అదీ రాయండి. ఊటలో మట్టి వస్తుంటే పై వరస అంతా మారుతుంది, ముందు తూము ఎత్తి కుంట నీళ్ళు సగానికి దించాలి.